కీళ్ళవాతం ఉన్నవాళ్ళు కషాయం తాగాలంటే: ఏది, ఎట్లా, ఏ గోలీతో వద్దు

"కీళ్ళ నొప్పులకు ఏ ఆకు కాచుకొని తాగుతున్నరు మేడం?" అని హన్మకొండలో నన్ను అడగనివాళ్ళు తక్కువ. జూనియర్ కాలేజీలో బాటనీ చెప్తాను, పైగా నాకే కీళ్ళవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. చెట్ల గురించి తెలిసిన మనిషికి ఆ జబ్బే ఉంటే ఏదో రహస్యం దాచుకొని ఉంటుందనుకుంటారు. నా దగ్గర రహస్యం ఏమీ లేదు. వారానికి ఒక్కరోజు, రోగనిరోధక శక్తిని అణచే మెథోట్రెక్సేట్ గోలీలు వేసుకుంటాను. పొద్దున అల్లం నీళ్ళు తాగుతాను. చలికాలంలో వావిలాకుతో కాపడం పెట్టుకుంటాను. మూడూ చేసే పనులు వేరు. ఏది ఏ పని చేస్తుందో తెలుసుకొని తాగితే కషాయం హాయినిస్తుంది. తెలుసుకోకుండా దొరికిన ఆకునల్లా కాచుకుంటే కాలేయం మీదికి తెచ్చుకున్నట్టే.

ముందు మీది ఏ నొప్పి?

ఏ ఆకు అని అడిగేముందు ఇది తేల్చుకోవాలి. మోకాళ్ళ అరుగుదల అయితే నడిచినకొద్దీ, మెట్లెక్కినకొద్దీ నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. రుమటాయిడ్ దానికి ఉల్టా. రాత్రంతా పడుకొని లేచాకే ఎక్కువ పట్టేస్తుంది, వేళ్ళు ముడుచుకోవడానికి అరగంట, గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. రెండు చేతులకూ ఒకేలా వస్తుంది. మణికట్టు, వేళ్ళ మొదట్లో కణుపులు, మధ్య కణుపులు వాస్తాయి. యూరిక్ యాసిడ్ కీళ్ళలో పేరుకొని వచ్చే గౌట్ అయితే చాలామందికి రాత్రికి రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత మంట పుడుతుంది.

మా వైపు ఇంకో చిక్కు కూడా ఉంది. వానలు పడ్డాక వచ్చే చికున్‌గున్యా జ్వరం తగ్గిపోయినా కీళ్ళు నెలల తరబడి పట్టేసి ఉంటాయి, అచ్చం రుమటాయిడ్ లాగే. అందుకే వాపు ఆరు వారాలు దాటినా పోకపోతే రక్తపరీక్షలు చేయించుకోండి. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. వాపు ఉన్న కీళ్ళను చేత్తో నొక్కి చూసే రుమటాలజిస్ట్‌కు చూపించడం ముఖ్యం.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. రుమటాయిడ్‌లో మన రోగనిరోధక శక్తే కీలు లోపలి పొర మీద పడుతుంది. ఆ పొర ఉబ్బి మృదులాస్థినీ, దాని కింది ఎముకనూ తినేస్తూ పోతుంది. చాలామందిలో ఈ నష్టం మొదటి రెండేళ్ళలోనే మొదలవుతుంది. ఒకసారి తినేసిన ఎముక తిరిగి రాదు. ఆ నష్టాన్ని ఆపేవి మెథోట్రెక్సేట్, సల్ఫాసాలజిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ లాంటి మందులు. ఇంట్లో కాచుకునే ఏ కషాయమూ ఎముక అరగకుండా ఆపినట్టు ఇప్పటిదాకా రుజువు లేదు. పరకాల నుంచి వచ్చే మా చిన్నమ్మ ప్రతిసారీ ఒకటే మాట: "ఇన్ని గోలీలు ఎందుకు బిడ్డా, తిప్పతీగ రసం తాగితే సాలదా?" ఆమెది ప్రేమ. నా జవాబు మారదు: "సాలదు చిన్నమ్మా, చేతులు వంకర పోతయి."

అల్లం నీళ్ళు

కషాయాల్లో ఒక్కటే ఎంచుకోమంటే నేను అల్లాన్నే ఎంచుకుంటాను. మార్కెట్లో ఏడాది పొడుగునా దొరుకుతుంది, ఏదో తెలియని ఆకు కలిసిందేమోనన్న భయం లేదు, ఇన్నేళ్ళుగా తింటున్నాం కాబట్టి ఒంటికి కొత్త కాదు. ఇరాన్‌లో రుమటాయిడ్ ఉన్నవాళ్ళకు రోజుకు ఒకటిన్నర గ్రాముల శొంఠి పొడి 12 వారాలపాటు ఇచ్చి చూస్తే, మందు లేని డమ్మీ గోలీ తీసుకున్నవాళ్ళకన్నా జబ్బు తీవ్రత తగ్గింది. చిన్న పరిశోధనే. పైగా వాళ్ళకిచ్చింది పొడి, నీళ్ళు కాదు. అందుకే దీన్ని మందు అనను. మెథోట్రెక్సేట్ వేసుకున్న మర్నాడు కడుపులో తిప్పుతుంటే మాత్రం అల్లం నీళ్ళు నాకు నిజంగా ఆదుకుంటాయి. వికారానికి అల్లం వాడటం మీద పరిశోధనలు కీళ్ళ మీద ఉన్నవాటికన్నా గట్టివి.

చేసే పద్ధతి ఇది. బొటనవేలి కణుపంత అల్లంగడ్డ ముక్క, సుమారు ఐదు గ్రాములు. తొక్క మీద మట్టి పోయేలా కడిగి, పలుచగా గీకి, కచ్చాపచ్చాగా దంచండి. స్టీలు గంజులో ఒకటింపావు గిలాస నీళ్ళు పోసి అల్లం వేసి, మరిగాక మంట పూర్తిగా తగ్గించి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. మూత మర్చిపోవద్దు. అల్లంలో వాసననిచ్చే నూనెలు ఆవిరితో పాటే పోతాయి. మూత తీసినప్పుడు దాని లోపలివైపు చేరిన చుక్కలను వాసన చూడండి, గంజులో నీళ్ళకన్నా ఘాటుగా ఉంటాయి. ఆ చుక్కలను మళ్ళీ గంజులోకే జార్చాలి. వడకట్టి గోరువెచ్చగా తాగాలి. శొంఠి అయితే పావు చెంచా పొడి చాలు. అల్లం ఎండితే అందులోని జింజరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది, అది ఇంకా ఘాటు. కడుపులో మంట ఉన్నవాళ్ళకు శొంఠికన్నా పచ్చి అల్లమే నయం.

బెల్లం వేసుకోవడం మీ ఇష్టం. కానీ ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ వేసుకుంటున్నవాళ్ళకు షుగర్ ఎట్లాగూ పైకి పోతుంటుంది కాబట్టి నేను వద్దంటాను. రక్తం పలుచబడే మందులు, ముఖ్యంగా వార్ఫరిన్, వాడుతున్నవాళ్ళు అల్లం రోజూ తాగేముందు డాక్టర్‌ను అడగాలి. కూరలో వేసే అల్లానికి భయం అక్కర్లేదు.

ఇక్కడే ఒక సూత్రం చెప్పేస్తాను, ఏ మొక్కకైనా పనికొస్తుంది. వేరు, కొమ్ము, బెరడు, కాడ లాంటి గట్టి భాగాలను సన్నని మంట మీద మరిగించాలి. తులసి, పుదీనా, నిమ్మగడ్డి లాంటి వాసన ఆకులను మరిగించకూడదు, పొయ్యి కట్టేశాక వేడినీళ్ళలో వేసి ఐదు నిమిషాలు మూత పెట్టాలి. పాత పద్ధతిలో ఒక వంతు మూలికకు పదహారు వంతుల నీళ్ళు పోసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాస్తారు. అది చాలా చిక్కటి మోతాదు. వైద్యుడు కొలిచి, కొన్ని రోజులకని రాసిచ్చేది. రోజూ చాయ్ తాగినట్టు తాగడానికి అంత చిక్కగా కాచుకోవద్దు.

పసుపు విషయంలో అసలు లెక్క

నిజామాబాద్, జగిత్యాల, మెట్‌పల్లి పక్క పసుపు పండే నేల మనది. జాతీయ పసుపు బోర్డు కూడా 2025లో నిజామాబాద్ కేంద్రంగానే మొదలైంది. ఇంత పసుపు చుట్టూ పెట్టుకొని తాగకుండా ఎట్లా ఉంటాం? తాగండి. కానీ లెక్క తెలుసుకొని తాగండి.

వాపు మీద పనిచేస్తుందని చెప్పేది పసుపులోని కర్క్యుమిన్. మామూలు పసుపు పొడిలో అది నూటికి మూడు వంతులు. చెంచా పొడి మూడు గ్రాములనుకుంటే కర్క్యుమిన్ 90 మిల్లీగ్రాములు. అదీ నీళ్ళలో కరగదు. గిలాస అడుగున పచ్చగా పేరుకుపోయేది అదే. 2012లో మన దేశంలోనే 45 మంది రుమటాయిడ్ రోగులతో చేసిన చిన్న పరిశోధనలో కర్క్యుమిన్ నొప్పి గోలీ డైక్లోఫెనాక్‌కు దీటుగా పనిచేసింది. కానీ అక్కడ ఇచ్చినవి 500 మిల్లీగ్రాముల గుళికలు. మన గిలాస పసుపు నీళ్ళకు ఆ ఫలితాన్ని అంటగట్టకూడదు.

కాబట్టి పసుపును నీళ్ళలో కన్నా పాలలో కాచుకోవడమే మేలు. పాలలోని కొవ్వులో కర్క్యుమిన్ కొంత కలుస్తుంది. ఒక గిలాస పాలు, పావు చెంచా పసుపు, రెండు మిరియాలు నలిపి వేసి, ఒక పొంగు వచ్చాక రెండు మూడు నిమిషాలు సన్నని మంట మీద ఉంచితే సరిపోతుంది. మిరియంలోని పైపరిన్ కర్క్యుమిన్‌ను ఒంటికి బాగా పట్టిస్తుంది, 1998లో వచ్చిన ఒక పరిశోధనలో 20 రెట్లు పెరిగింది. మనం గమనించాల్సింది ఏంటంటే, ఆ పైపరిన్ కొన్ని మందులను కూడా అట్లాగే ఎక్కువ పట్టించగలదు. రెండు మిరియాలతో ప్రమాదం లేదు. పైపరిన్ కలిపిన కర్క్యుమిన్ గుళికల సంగతి వేరు. ఇటలీలో 2019లో కర్క్యుమిన్ గుళికలు వాడినవాళ్ళకు కామెర్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు బయటపడ్డాయి. మెథోట్రెక్సేట్ కూడా కాలేయం మీదే భారం పెడుతుంది. రెండూ కలిపి వాడితే, రేపు కాలేయానికి చేసే ఎల్‌ఎఫ్‌టీ రిపోర్ట్‌లో అంకెలు పెరిగినప్పుడు తప్పు దేనిదో డాక్టర్‌కూ తెలియదు. గుళికలు వద్దు, వంటింటి పసుపు చాలు.

పొడి కొనకండి, కొమ్ములు కొనండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే కొమ్ము పసుపే ఊళ్ళో కిరాణాల్లోనూ దొరుకుతుంది. పైన మరీ మెరిసిపోయే కొమ్ములకన్నా కాస్త మసకగా ఉన్నవి తీసుకొని ఒకటి విరిచి చూడండి. లోపల ముదురు నారింజ రంగు ఉండి, విరిచిన చోట ఘాటు వాసన రావాలి. ఎండబెట్టి గిర్నిలో పట్టించుకుంటే ఏడాదికి సరిపోతుంది. రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన పసుపు మన దేశంలోనూ, బంగ్లాదేశ్‌లోనూ పట్టుబడింది. అది సీసం, నరాలకు విషం. రోజూ తాగే వస్తువు కాబట్టి ఈ శ్రమ తప్పదు.

వావిలాకు తాగడానికి కాదు, కాపడానికి

బాలింతకు వావిలాకు నీళ్ళు పోయని ఇల్లు మా చిన్నప్పుడు లేదు. ములుగు రోడ్డు వెంట, చెరువు కట్టల మీద, చేన్లకు కంచెగా ఈ పొద ఇప్పటికీ కనిపిస్తుంది. ఒకే కాడకు వేళ్ళు చాపినట్టు ఐదు ఆకులు, ఒక్కోసారి మూడు. పైన ముదురాకుపచ్చ, కింద తెల్లటి నూగు. చిన్న ఊదారంగు పూలు. ఆకు నలిపితే ఘాటైన వాసన కొడుతుంది. ఆ వాసన ఒకసారి తెలిస్తే ఇంకే చెట్టుతోనూ పొరబడరు.

దీన్ని లోపలికి తాగమని నేను చెప్పను. బయటి వాడకంలోనే దీని సుఖం ఉంది. రెండు గుప్పిళ్ళ ఆకు కడిగి, పెద్ద గంజులో నీళ్ళు పోసి, నీళ్ళు పచ్చగా మారేదాకా మూత పెట్టి మరిగించండి. దించి, చెయ్యి పెట్టి ఓర్చుకోగల వేడికి వచ్చాక చేతులు మణికట్టు దాటేదాకా ముంచండి. ముంచి ఊరుకోవద్దు. నీళ్ళలోనే వేళ్ళు మెల్లగా ముడుస్తూ చాపుతూ ఉండండి. మొదట పిడికిలి సగమే పడుతుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు ముందు వదులవుతాయి, మధ్య వేలు మొండికేస్తుంది. పది నిమిషాలయ్యేసరికి గోర్లు అరచేతికి తగులుతాయి. వేడి ఎంత, ఆకు ఎంత అని నేను విడదీసి చెప్పలేను కానీ, చలికాలం పొద్దున కాలేజీకి పోయే ముందు ఈ పది నిమిషాల వల్లే చాక్‌పీస్ పట్టుకోగలుగుతాను.

కీలు ఎర్రగా, ముట్టుకుంటే సెగ కొడుతూ వాచి ఉన్న రోజు మాత్రం వేడి కాపడం పెట్టొద్దు. ఆరోజు చల్లటి గుడ్డే. వేడి పట్టేసిన కీళ్ళకు, చల్లదనం మండే కీళ్ళకు.

ఆకు ఎక్కడ కోస్తున్నారో చూసుకోండి. పత్తి చేన్ల గట్ల మీద గడ్డి మందు కొడతారు. గట్టున గడ్డి పచ్చగా ఉండాల్సిన కాలంలో మాడిపోయి పసుపుపచ్చగా కనిపిస్తే అక్కడ ఒక్క ఆకు కూడా ముట్టుకోవద్దు. ఇంటి వెనక జాగా ఉంటే వావిలి కొమ్మ గుచ్చితే చాలు, తేలిగ్గా బతుకుతుంది.

మాకు వద్దనుకునేవి

తిప్పతీగ దగ్గర అందరికీ నా మీద కోపం వస్తుంది. కరోనా కాలంలో ఇంటింటా కాచుకొని తాగారు. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు. వాళ్ళలో కొందరికి ముందునుంచే ఆటోఇమ్యూన్ జబ్బు, అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే పడే జబ్బు, లోపల ఉంది. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీన్ని ఒప్పుకోలేదు, వాడింది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన వేరే తీగా అని ప్రశ్నించింది. ఆ ప్రశ్న సబబైనదే. తీగల మీద బుడిపెలుండే దగ్గరి జాతి ఒకటుంది, సంచిలో ముక్కలుగా కోసి అమ్మితే గుర్తుపట్టడం కష్టం. నా నిర్ణయానికి మాత్రం ఆ వాదం తేలాల్సిన పని లేదు. తిప్పతీగను మెచ్చుకునేదే రోగనిరోధక శక్తిని లేపుతుందని. మన జబ్బే ఆ శక్తి దారి తప్పడం, మన గోలీలు పనిచేసేదే దాన్ని అణచడానికి. రెండింటినీ ఒకే ఒంట్లో ఎందుకు కొట్లాడించాలి? అశ్వగంధకూ ఇదే మాట.

అతిమధురం గొంతుకు మంచిదే, రెండు రోజులకు. రోజూ కషాయంలో వేసుకుంటే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. ప్రెడ్నిసలోన్ వాడేవాళ్ళలో ఆ మందు ప్రభావాన్ని కూడా పెంచగలదు.

నేలవేము చేదు గురించి చెప్పక్కర్లేదు. చిలీలో 60 మందికి దాని సారంతో చేసిన మాత్రలు 14 వారాలు ఇచ్చారు. నొప్పి కొట్టే కీళ్ళ సంఖ్య తగ్గింది, కానీ నొప్పి తీవ్రతలో డమ్మీ మాత్రకు మించిన తేడా తేలలేదు. గర్భిణులు దీని జోలికి పోకూడదు. మెథోట్రెక్సేట్ గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి, పిల్లలు కావాలనుకునేవాళ్ళు గోలీలైనా కషాయాలైనా నెలల ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

ఆన్‌లైన్‌లో ఆర్థరైటిస్ టీ అని వచ్చే ప్యాకెట్లలో విల్లో అనే చెట్టు బెరడు ఉందేమో చదవండి. ఆస్పిరిన్‌కు దారి చూపిన పదార్థం అందులో ఉంటుంది. ఇప్పటికే నొప్పి గోలీ, మెథోట్రెక్సేట్ రెండూ వేసుకునేవాళ్ళకు కడుపు మీద, కిడ్నీల మీద ఇంకో భారం అవుతుంది. చైనా నుంచి వచ్చే థండర్ గాడ్ వైన్ అనే తీగ మందు రుమటాయిడ్ మీద నిజంగానే పనిచేస్తుంది, కానీ మగవాళ్ళలోనూ ఆడవాళ్ళలోనూ సంతానం కలగకుండా చేయగలదు. ఎవరైనా పంపిస్తే తెరవకుండా వెనక్కి ఇచ్చేయండి.

అన్నిటికన్నా నాకు భయం అంగడిలో పొట్లాలు కట్టి అమ్మే పేరులేని పొడులంటే. వాటిలో కొన్నిట్లో స్టెరాయిడ్ కలుపుతారు. రెండు రోజుల్లో నొప్పి మాయమై, ఆకలి విపరీతంగా పెరిగి, కొన్ని వారాలకు ముఖం గుండ్రంగా ఉబ్బితే అనుమానించండి. ఇప్పటికే చాలా రోజులుగా వాడుతుంటే ఒక్కసారిగా మానేయొద్దు, అది ప్రాణం మీదికి వస్తుంది. పొట్లం పట్టుకొని డాక్టర్ దగ్గరికి పోండి, ఎట్లా తగ్గించాలో వాళ్ళు చెప్తారు.

గోలీ, కషాయం, టైమ్

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకునే మందు అనుకొని వేసుకుంటే విషం అవుతుంది. మా ఇంట్లో క్యాలెండర్ మీద ఆదివారాలకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ డాక్టర్ చెప్పిన రోజున, మామూలు నీళ్ళతో వేసుకోండి, చాయ్‌తోనో గ్రీన్ టీతోనో వద్దు. అవి దాన్ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. ఐరన్ గోలీకి ఇది ఇంకా ముఖ్యం. రుమటాయిడ్ ఉన్నవాళ్ళకు రక్తం తక్కువగా ఉండటం మామూలే, చాయ్‌లోని వగరు ఇనుమును పట్టి ఆపేస్తుంది. గంట ఎడం ఉంచండి.

కొత్త కషాయం మొదలుపెడితే ఒక్క మొక్కతోనే మొదలుపెట్టండి. నాలుగైదు కలిపిన పొడి వద్దు. నోట్‌బుక్‌లో రోజూ ఒక్క గీత రాసుకోండి: ఎన్నింటికి లేచారు, పిడికిలి పూర్తిగా బిగించగలిగింది ఎన్నింటికి. ఈ రెంటి మధ్య నిమిషాలే మీ కొలత. నొప్పి ఎక్కువా తక్కువా అని రాస్తే మనసును బట్టి మారుతుంది, గడియారం మారదు. ఆరు వారాలు చూసి, నిమిషాలు తగ్గకపోతే ఆ కషాయం మానేయొచ్చు. తగ్గినా గోలీ మాత్రం మీ అంతట మీరు తగ్గించొద్దు.

డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు తాగేవన్నీ ఒక చీటీ మీద రాసి తీసుకుపోండి: మొక్క పేరు, ఎంత, రోజుకెన్నిసార్లు, ఎప్పటినుంచి. తిడతారని దాచిపెట్టేవాళ్ళు చాలామంది. చీటీ ఉంటే ఎల్‌ఎఫ్‌టీ, రక్తకణాలు లెక్కించే సీబీపీ రిపోర్టులు చూసేటప్పుడు వాళ్ళకు దారి దొరుకుతుంది. ఆ పరీక్షలు డాక్టర్ చెప్పిన గడువుకు, సాధారణంగా నెల నుంచి మూడు నెలలకు ఒకసారి, తప్పకుండా చేయించుకోండి.

కొన్నిటికి కషాయం కాస్తూ కూర్చోవద్దు. ఒక్క కీలు ఉన్నట్టుండి ఎర్రగా వాచి జ్వరం వస్తే లోపల చీము పట్టి ఉండొచ్చు, అదే రోజు ఆస్పత్రికి పోవాలి. మెథోట్రెక్సేట్ మీద ఉండగా నోట్లో పుండ్లు, జ్వరం, పొడి దగ్గుతో ఆయాసం, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, వీటిలో ఏది కనిపించినా తర్వాతి గోలీ వేసుకోకుండా ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి, కషాయం కూడా ఆపేయండి.